మేడ మీద చెప్పిన మాట

కిందటి వారం అంబ్రీన్‌ను మనం అమీర్‌పేటలో, వీర్రాజు గారి ఆడపిల్లల హాస్టల్ ముందు గదిలో, చేతిలో కాఫీ గ్లాసుతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ కాఫీ ఆమె ఇంకా తాగలేదు. తాగే సందు వీర్రాజు గారు ఇస్తేగా.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అంబ్రీన్ పంజాగుట్టలో ఒక చిన్న సామాజిక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. సంస్థ నడిచేది ప్రభుత్వ నిధుల మీద. ఊళ్ళు వదిలి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ, కోచింగులకూ కొట్లలో పనులకూ వెళ్ళే ఆడపిల్లలు ఏం తింటున్నారు, ఎంత నిద్రపోతున్నారు, ఒంట్లో ఎలా ఉంటోంది అని తెలుసుకునే సర్వే ఆమెది. మొదటి విడత ప్రశ్నలన్నీ హాస్టళ్ళ ముందు గదుల్లోనే అడిగారు. బయటివాళ్ళు ముందు గది దాటి లోపలికి రాకూడదని ప్రతి హాస్టల్ గోడ మీదా బోర్డుంటుంది. సర్వే వాళ్ళు బుద్ధిమంతులు, దాటలేదు. పక్కనే వార్డెన్ టీవీ చూస్తూ కూర్చునుంటే, పిల్లలందరూ తిండి బాగుందన్నారు, రోజూ రాత్రి తింటున్నామన్నారు.

తర్వాత ఒక రోజు, ఒక హాస్టల్లో, వాన ముంచుకొచ్చింది. ఆరేసిన బట్టలు తీయడానికి పిల్లలు మేడ మీదికి పరుగెత్తితే అంబ్రీన్ కూడా బోర్డు సంగతి మరిచిపోయి వాళ్ళ వెనకే పరుగెత్తింది. తడిసిన దుప్పటికి చెరో కొసా పట్టుకుని మడత పెడుతుండగా, కింద "బాగుంది" అన్న అమ్మాయే, "వారంలో సగం రోజులు బిస్కెట్లు తిని పడుకుంటానక్కా" అంది. అది ఏ హాస్టలో నేనూ చెప్పను. పేరూ ఊరూ బయటపెట్టనని అంబ్రీన్ ఆ పిల్లకు మాటిచ్చింది. ఆమె మాట నాకూ మాటే.

ఆ తర్వాత వీలు కుదిరిన మూడు హాస్టళ్ళలో, అవే ప్రశ్నలు, అదే పిల్లల్ని, ఈసారి మేడ మీద అడిగింది. జవాబులు తారుమారయ్యాయి. ఇప్పుడు సర్వేకు రెండో ఏడు నిధులు ఇవ్వొచ్చా లేదా అని తేల్చడానికి ప్రభుత్వ పరిశోధనా మండలి తరఫున జానకీదేవి గారనే ప్రొఫెసరు రేపు ఆఫీసుకు వస్తున్నారు. ఒకే పిల్ల రెండు జవాబులు చెప్పిన సర్వేను ఎలా నమ్మాలి అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో అంబ్రీన్‌కు ఇంకా తేలలేదు. నిధులు ఆగితే సర్వే ఆగుతుంది, దానితో పాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. సరిగ్గా ఆ అదను చూసే వీర్రాజు గారు కాఫీకి పిలిచారు.

"డబ్బు డబ్బే కదమ్మా" అన్నారాయన, సోఫాలో కాస్త ముందుకు జరిగి. "సర్కారు డబ్బుకేమన్నా రెండు తలకాయలుంటాయా? వాళ్ళు ఇవ్వకపోతే మా హాస్టళ్ళ సంఘం ఇస్తుంది. నేను ప్రెసిడెంటుని, నేనంటే అయిపోయినట్టే. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ మేడ మీది జవాబులొక్కటీ పక్కన పెట్టేసెయ్యి. ముందు గదిలో చెప్పారుగా, అవి చాలు."

"అవి తీసేస్తే మిగిలేది మీ హాస్టళ్ళ పాంప్లెట్ అంకుల్" అంది అంబ్రీన్. "అది కొట్టియ్యనీకి ప్రింటింగ్ ప్రెస్సాయన చాలు, నేనెందుకు?"

వీర్రాజు గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఆయన చెడ్డ మనిషి అనుకుంటే పొరపాటు. భీమవరం దగ్గర నుంచి వచ్చి, ఈ అద్దె మేడలో హాస్టల్ పెట్టి, ఏ పిల్లకు జ్వరమొచ్చినా తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషి. ఆయన భయమల్లా ఒక్కటే. అమీర్‌పేట హాస్టళ్ళలో ఆడపిల్లలు పస్తులు పడుకుంటున్నారని పేపర్లో పడితే, ఊళ్ళలో తండ్రులు పిల్లల్ని పంపడం మానేస్తారు. అది ఆయన నష్టమే కాదు, ఆ పిల్లల నష్టం కూడా. ఆ మాట నిజమని అంబ్రీన్‌కూ తెలుసు, అందుకే ఆమెకు ఆయన మీద కోపం రాలేదు.

"ఇంతకీ ఆ మాటన్నది మా పిల్లలేనా?" అడిగారు, గొంతు తగ్గించి.

"చెప్పను."

"అంటే మావాళ్ళే అన్నమాట."

"మీ హాస్టలని అనలేదు, కాదని సుత అనలేదు. మాటిచ్చిన, గంతే అంకుల్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మన వాళ్ళకు కొత్త కాదు. వీర్రాజు గారు ఇంకో మాట అనబోయేలోగా లోపల్నుంచి ఆయన భార్య దుర్గాంబ గారు వేడి వేడి గారెల ప్లేటుతో వచ్చారు. హాస్టల్ వంటంతా ఆవిడ చేతి మీదే జరుగుతుంది. వంటమనుషులు ఇద్దరున్నా, పోపు పెట్టేది ఆవిడే.

"మేడ మీది జవాబులంటున్నారు, ఏంటండీ అవి?" అన్నారు ఆవిడ.

వీర్రాజు గారు పైకప్పు ఫ్యాను వంక చూశారు. అంబ్రీనే చెప్పింది. వంట బాగలేదని ఏ హాస్టల్లోనూ ఎవరూ అనలేదని ముందే చెప్పింది. "తప్పు వంటది కాదు ఆంటీ, టైముది. తొమ్మిదింటికి అన్నం అయిపోతది. కొట్లు మూసి, క్లాసులైపోయి వీళ్ళొచ్చేది తర్వాత. లేటుగ వచ్చినమని చెప్తే ఇంటికి ఫోన్ పోతది, నాయన వచ్చి తీస్కపోతడు. గా భయానికి 'బయట తిన్నం' అని చెప్పి పండుకుంటరు."

దుర్గాంబ గారు ప్లేటు బల్ల మీద పెట్టి, అలాగే కుర్చీలో కూర్చుండిపోయారు. ఆవిడకు పిల్లల్లేరు. ఈ హాస్టల్లో ఉన్నంతమందినీ తన పిల్లలనే చెప్పుకుంటారు.

"నా ఇంట్లో పస్తు పడుకుంటున్న పిల్ల ఎవరమ్మా?" అన్నారు చివరికి. "పేరు చెప్పు."

"మీ హాస్టలని నేననలేదు ఆంటీ."

"సరే, అనలేదు. ఉంటే ఎవరో చెప్పు. నేనేం తిడతానా? ఇంటికి ఫోన్ చేస్తానా? ఇంత అన్నం తీసి ఉంచుతాను, అంతే కదా."

"తెలుసు ఆంటీ. మీరు తిట్టరని నాకు తెలుసు. అయినా చెప్పను."

కోపంగా అడిగేవాళ్ళకు లేదనడం తేలిక. ప్రేమగా అడిగేవాళ్ళకు లేదనాలంటే ప్రాణం మీదికొస్తుంది. అంబ్రీన్‌కు ఆ మాటంటుంటే నిజంగానే బాధేసింది. దుర్గాంబ గారి ముఖం చిన్నబోయింది. "ఇన్నాళ్ళు నా చేతి కాఫీ తాగిన పిల్లవి, నా మీద ఈ మాత్రం నమ్మకం లేదా" అన్నారు. లేచి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, "నువ్వు చెప్పకపోతే నేనే అడుగుతాను" అని మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళిపోయారు.

కింద ఇద్దరూ గారెల ప్లేటు మధ్యన పెట్టుకుని ఎదురుచూశారు. ఎవరూ ముట్టుకోలేదు. పైన దుర్గాంబ గారి గొంతు వినిపించింది, పిల్లల నవ్వులు వినిపించాయి.

ఆవిడ దిగి వచ్చేసరికి ముఖంలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఏదో లెక్క తేలని మనిషిలా ఉన్నారు.

"అడిగానండీ" అన్నారు భర్తతో. "బట్టలు తీస్తున్నారు, ఒక్కొక్కరినీ అడిగాను. రాత్రిళ్ళు తింటున్నారా అంటే అందరూ తింటున్నామన్నారు. ఒకమ్మాయైతే నన్ను వాటేసుకుని, మా అమ్మకంటే బాగా పెడతారాంటీ అంది."

వీర్రాజు గారు ఊపిరి పీల్చుకున్నారు. "చూశావామ్మా?" అన్నారు అంబ్రీన్‌తో. "అదే మేడ, అదే పిల్లలు."

"మీరు ఆగండి" అన్నారు దుర్గాంబ గారు. "మా అత్తగారు నాకు వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఆవిడున్నన్నాళ్ళూ సరిపోయిందనే చెప్పాను. ఒక్కోరోజు నోట్లో పెట్టుకోలేకపోయేదాన్ని. అయినా సరిపోయిందత్తయ్యా అనేదాన్ని. వడ్డించేవాళ్ళు అడిగితే కాదనే నోరు ఎవరికుంటుందండీ? ఇప్పుడు వడ్డించేది నేను."

ఆవిడ గారెల ప్లేటు అంబ్రీన్ వైపు జరిపారు.

"మీ సంఘం డబ్బు పెట్టి అడిగించినా, అది మనం అడిగినట్టే" అన్నారు మళ్ళీ. "అందరూ ఉప్పు సరిపోయిందనే అంటారు. మనకు హాయిగానే ఉంటుంది. ఈ అమ్మాయి పని ఈ అమ్మాయిని చేసుకోనివ్వండి."

వీర్రాజు గారు దగ్గారు. దగ్గు రాకపోయినా దగ్గారు. అంబ్రీన్ చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసి, రెండు గారెలు తిని, దుర్గాంబ గారి చేయి పట్టుకుని వెళ్ళొస్తానంది. ఆవిడ చేయి వదల్లేదు గానీ, పేరు మాత్రం మళ్ళీ అడగలేదు.

యూసుఫ్‌గూడలో ఇల్లు చేరేసరికి వాళ్ళ అమ్మ బతూల్ గుమ్మంలోనే ఉంది. అమ్మకు కూతురి ఉద్యోగం పోయేలా ఉన్న సంగతి తెలుసు. కూతురు చేసే పనేమిటో మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

"రేపు ఆ మేడమ్ వద్దంటే ఏం చేస్తవ్ బేటా?"

"తెల్వదమ్మీ. అయినా ఇయ్యాల మంచిగుంది మనసుకు."

"గంత చాలు. ఫికర్ రేపు చేద్దాం" అంది బతూల్, రొట్టెలు చేసుకోవడానికి లోపలికి పోతూ.

మర్నాడు పంజాగుట్ట ఆఫీసులో పెద్ద హడావిడి లేదు. ఉన్నదే రెండు గదులు. అంబ్రీన్‌తో పాటు సర్వే చేసే ఓదెలు కుర్చీలు తుడిచి, కిటికీ మూశాడు. అది మూస్తే తప్ప కింది రోడ్డు మీది హారన్ల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినపడదు. తర్వాత మెల్లగా అంబ్రీన్ దగ్గరికి వచ్చాడు.

"ముందు గదిలవి చూపియ్యకక్కా. మేడ మీదివే చూపిద్దాం. రెండూ చూపిస్తే ఆమె పట్టుకుంటది. జర సోచాయించు, ఇద్దరి నౌకరీ పోతది."

"వీర్రాజు అంకుల్ మేడ మీదివి దాచమన్నడు, నువ్వు ముందు గదివి దాచమంటున్నవ్" అంది అంబ్రీన్. "ఇగ నీకూ ఆయనకూ ఫరక్ ఏముంది?"

ఓదెలు కొంచెంసేపు ఆలోచించి, పేర్ల బదులు నంబర్లు వేసిన జవాబుల కట్టలు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

జానకీదేవి గారు చెప్పిన వేళకే వచ్చారు. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, ముఖంలో నవ్వు ఉందో లేదో చెప్పలేనంత నెమ్మది. టీ వద్దన్నారు. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చదివారు. ఓదెలుకు ఆ సేపట్లో తల ప్రాణం తోకకొచ్చింది.

"ఒకే అమ్మాయి ఇక్కడ రోజూ తింటున్నానంటోంది, అక్కడ తినడం లేదంటోంది" అన్నారు ఆవిడ. "ఏది నమ్మమంటారు?"

"రెండూ నమ్మండి మేడమ్. ఒకటి వార్డెన్ వినేటట్టు చెప్పిన మాట, ఇంకోటి ఎవరూ విననప్పుడు చెప్పిన మాట. మొదలు ముందు గదిల అడుగుడు మా తప్పు. అది సుత రిపోర్టుల రాసినం."

"బాగుంది. ఇంకొకటి. కంపెనీలు బోలెడు సర్వేలు చేయిస్తున్నాయి. దీనికి ప్రభుత్వ డబ్బే ఎందుకు?"

రాత్రంతా ఈ ప్రశ్నకు పుస్తకాల్లోంచి జవాబు వెతుక్కుంది అంబ్రీన్. తీరా నోరు తెరిస్తే, వచ్చింది దుర్గాంబ గారి వంటింటి మాటే.

"ఒక పెద్దామె చెప్పింది మేడమ్, వడ్డించేవాళ్ళు అడిగితే అందరూ ఉప్పు సరిపోయిందనే అంటరంట. సబ్బులమ్మేటోళ్ళు సబ్బు గురించి అడుగుతరు. హాస్టల్ నడిపేటోళ్ళు హాస్టల్ మంచిగుందా అని అడుగుతరు. రాత్రి తిన్నవా బిడ్డా అని అడిగితే ఎవరికీ లాభం లేదు. లాభం లేని ప్రశ్న అడగాలంటే అందరి డబ్బు కావాలె. గా పిల్లలు సుత సబ్బు కొన్నా, చార్జర్ కొన్నా పన్ను కడుతరు గదా. వాళ్ళ డబ్బుతోని వాళ్ళ మాటే వింటున్నం."

జానకీదేవి గారు కట్టలు మూశారు. "అందరి డబ్బు అంటే లెక్క చెప్పాలి కదమ్మా. ఈ మూడు హాస్టళ్ళు ఏవో చెప్పండి. ఒకసారి నేనే వెళ్ళి చూస్తాను."

 నిన్న ప్రేమగా అడిగారు, ఇవాళ హక్కుగా అడుగుతున్నారు. ఓదెలు బల్ల కింద అంబ్రీన్ కాలు తొక్కాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం గుర్తొచ్చింది.

"చెప్పలేను మేడమ్."

"నిధులిచ్చే మండలికి కూడానా?"

"మీకు అసలే చెప్పొద్దు మేడమ్. ఇయ్యాల మీకు చెప్తే, రేపు ఇంకోళ్ళడుగుతరు. గా పిల్ల మళ్ళ బాగుందనే అంటది. నిధులు ఆగినా సరే."

జానకీదేవి గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకోసాగారు. ఆ ముఖంలో ఏముందో అంబ్రీన్‌కు అంతుపట్టలేదు. ఓదెలు మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మొదట పెద్ద స్టీలు క్యారియర్ వచ్చింది, దాని వెనక దుర్గాంబ గారు, ఆవిడ వెనక కాస్త తగ్గి వీర్రాజు గారు.

"ఈ అమ్మాయి చెప్పదండి" అన్నారు తలుపవతలే మాటలు విన్న దుర్గాంబ గారు, నమస్కారం కూడా మరిచిపోయి. "నేనడిగితేనే చెప్పలేదు. నేను చెప్తాను. ఆ మూడింట్లో ఒకటి మాది. మిగతా రెండూ నాకు తెలీవు."

"మీకెలా తెలిసిందండి మీదేనని?" అడిగారు జానకీదేవి గారు.

"గిన్నెలు చెప్పాయండి. రాత్రి అన్నం, పప్పు, ఇంత పెరుగు మూతలు పెట్టి మెట్ల కింద ఉంచాను. ఎవరికని అనలేదు. ఎవరొస్తారో చూడకూడదని తలుపేసుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మూడు గిన్నెలూ ఖాళీ." ఆవిడ క్యారియర్‌ను రెండో చేతిలోకి మార్చుకున్నారు. "తినడమే కాదండి, కడిగి బోర్లించి వెళ్ళారు."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగలేని పిల్లలకు అడక్కుండానే పెట్టిన అమ్మ నిలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అంబ్రీన్‌కు ఎంత సంతోషమైందంటే, ఉద్యోగం సంగతే ఒక్క క్షణం మరిచిపోయింది.

"ఇంకేం, మా ఇంట్లో సమస్య తీరిపోయినట్టే" అన్నారు వీర్రాజు గారు హుషారుగా. "ఇక ఈ సర్వేతో..."

"మీ ఇంట్లో తీరింది అంకుల్" అంది అంబ్రీన్. "పక్క హాస్టల్ల ఆంటీ గిన్నెలు పెట్టాలంటే, ఆమెకు సంగతి ఎట్ల తెలుస్తది?"

జానకీదేవి గారు మొదటిసారి నవ్వారు. కళ్ళజోడు పెట్టుకుని రెండు కట్టలనూ అంబ్రీన్ వైపు జరిపారు. "ముందు గది జవాబులు పారేయకండి. ఏ గదిలో అడిగితే ఏం చెప్తారో తెలియడం కూడా పరిశోధనే. మీరు నాకు పేరు చెప్పి ఉంటే, ఈపాటికి నిధులు వద్దని రాసేసి, సంచి తగిలించుకుని వెళ్ళిపోయేదాన్ని."

ఓదెలు కళ్ళు తెరిచాడు.

"కానీ మూడు మేడలు చాలవు" అన్నారు ఆవిడ. "రెండో ఏడు ఈ చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ మిమ్మల్ని మేడ ఎక్కనిస్తాయని నాకు మాట కావాలి. మూసిన తలుపుల ముందు నిలబడడానికి ప్రజల డబ్బు ఇమ్మని రాయలేను. సోమవారం దాకా ఆగుతాను." తర్వాత వీర్రాజు గారి వైపు తిరిగారు. "సంఘానికి అధ్యక్షులు మీరేనని విన్నాను."

ఎంతటి సభలోనైనా మైకు వదలని వీర్రాజు గారు ఇప్పుడు క్యారియర్ వంక చూశారు, కిటికీ వంక చూశారు, చివరికి భార్య వంక చూశారు.

"రేపే సంఘం మీటింగండి" అన్నారు. "అందులో ఒక తీర్మానం ఉంది. ఈ సర్వే వాళ్ళని ఏ హాస్టల్ గడపా తొక్కనివ్వకూడదని."

"ఎవరు పెట్టారండీ ఆ తీర్మానం?" అన్నారు దుర్గాంబ గారు.

"నేనే."

అంబ్రీన్ రెండు కట్టలనూ దగ్గరికి లాక్కుంది. కిటికీ మూసి ఉన్నా, కింద రోడ్డు మీది హారన్లు వినిపించాయి.

దుర్గాంబ గారు క్యారియర్ బల్ల మీద పెట్టి, గిన్నెలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు.

"మీటింగు మన హాస్టల్లోనేగా?"

"అవును."

"భోజనాలు?"

"నీ వంటే కదా ఎప్పుడూ."

"వడ్డించేది?"

వీర్రాజు గారు వేలితో ఆవిడనే చూపించారు. దుర్గాంబ గారు మొదటి విస్తరాకు జానకీదేవి గారి ముందు పరిచి, దాని మీద నీళ్ళు చల్లారు.

"అయితే రేపు, వీళ్ళని మేడ ఎక్కనిస్తారా అని అడిగేది కూడా నేనే. ఎవరు కాదంటారో చూస్తాను."